మీనంబాకం నీడలో రేణిగుంట

తిరుపతి దగ్గరి రేణిగుంట విమానాశ్రయం చరిత్ర చెప్పమంటే మనవాళ్లు మూడు మైలురాళ్లు ఏకరువు పెడతారు: 1971లో ఆరంభం, 2015 అక్టోబరు 22న ‘గరుడ’ టెర్మినల్, 2017లో అంతర్జాతీయ హోదా. మరి మొదటి రెంటి మధ్య నలభై నాలుగేళ్లు ఎందుకంత నీరసంగా గడిచాయంటే, ‘రన్‌వే చాలలేదు’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఆ మాట నాకు మింగుడు పడదు.

విమానాల తొలినాళ్ల సంగతి అందరూ ఎరిగినదే. 1932 అక్టోబరులో టాటావారి టపా విమానం బొంబాయి నుంచి బళ్లారిలో ఆగి మద్రాసు చేరింది. అప్పటికే తిరుపతికి రైలుంది. తడ, సూళ్లూరుపేటల మీదుగా మద్రాసు–బెజవాడ రైళ్లు 1899 నుంచే తిరుగుతున్నాయి. అంటే విమానం కన్నా ముందే ఈ సీమకు రైలు అలవాటు.

ఇక రన్‌వే. పాత పొడవు 2,285 మీటర్లు. నిండుగా ఇంధనం పోసుకుని ఖండాలు దాటే పెద్ద విమానానికి అది చాలదు, నిజమే. ఎయిర్‌బస్ 320 తరగతి జెట్లు మాత్రం దాని మీదే దిగాయి, లేచాయి. హైదరాబాద్ విమానాశ్రయం శంషాబాద్ ఇక్కడికి గగనమార్గాన సుమారు 415 కి.మీ., బెజవాడ విమానాశ్రయం గన్నవరం 350. ఆ మాత్రం దూరానికి ఏటీఆర్ లాంటి చిన్న విమానం సరిపోతుంది, దానికి ఇంకా పొట్టి రన్‌వే అయినా చాలు.

అసలు కారణం మద్రాసు విమానాశ్రయం మీనంబాకమని నా అభిప్రాయం. రేణిగుంటకు అది సరళరేఖలో దాదాపు 100 కి.మీ. విమానం లేవడానికీ దిగడానికీ అయ్యే ఖర్చు దూరం తగ్గిందని తగ్గదు. కనుక ఈ రెంటి మధ్య విమానం గిట్టదు; ఢిల్లీ, బొంబాయి, పైదేశాల భక్తుడు మద్రాసులో దిగి కారెక్కాడు. తెలుగు జిల్లాల భక్తుడు రైలో బస్సో ఎక్కాడు. తిరుమల కొండకు జనం కొదవ లేదు, విమానానికే కొదవ. ఒక్క కారణంతో నలభై నాలుగేళ్లనూ వివరించలేమని ఒప్పుకుంటాను. విమానయానం చాలాకాలం ప్రభుత్వ గుత్తాధిపత్యంలో ఉండటం, టికెట్ ధరలు కూడా లెక్కలోకి రావాలి. కానీ మర్రిచెట్టు కింద మొక్కకు కుండీ చిన్నదయిందని ఏడవడం ఏం న్యాయం?

అదే నీడ మరొకరికి చలువ అయింది. పారిశ్రామిక నగరం శ్రీ సిటీ ఉన్న సత్యవేడు ప్రాంతం 1960 ఏప్రిల్ 1 దాకా మద్రాసు రాష్ట్రంలోని చెంగల్పట్టు జిల్లాది. సరిహద్దుల సర్దుబాటులో తిరుత్తణి అటు పోయి, ఇది ఇటు వచ్చింది. 2008లో ఇక్కడ ఫ్యాక్టరీలకు నేల చదును చేసినప్పుడు చూసుకున్న అండ చెన్నై రేవులు, చెన్నై విమానాశ్రయం. రేణిగుంట పేరు ఆ తర్వాతే.

విమానాల వేగం పెరిగింది కదా అంటారు. పాత డకోటా గంటకు సుమారు 300 కి.మీ. ఏటీఆర్ 500. జెట్ 800 పైన. ఆ లెక్కన శంషాబాద్ నుంచి జెట్ అరగంటలో రావాలి. టైంటేబుల్ చూడండి, గంట పైమాటే. రన్‌వే దాకా పాకడం, ఎక్కడం, దిగడం, వంతు కోసం ఆగడం, ఇవన్నీ ఏ ఇంజనూ మింగలేని నిమిషాలు.

2015లో ట్రూజెట్ హైదరాబాద్–తిరుపతి నడిపినప్పుడూ, 2017 ఏప్రిల్ 27న కేంద్రం ఉడాన్ పథకం కింద కడప–హైదరాబాద్ విమానం లేచినప్పుడూ సంబరపడ్డాం. 2022లో ట్రూజెట్ ఆగిపోయింది. పథకం దండగ అనను. చిన్న ఊళ్లకు విమానం చూపించింది, నిలబెట్టలేకపోయింది.

శ్రీ సిటీ ఉద్యోగి బెజవాడ పోవాలనుకుందాం. రేణిగుంటకు గంటన్నర, ముందుగా చేరి కాచుకోవడం ఇంకో గంటన్నర, గాలిలో గంట, గన్నవరం నుంచి ఊళ్లోకి మరో గంట. మొత్తం అయిదు గంటలు, అదీ నేరుగా విమానం దొరికిన రోజున. సూళ్లూరుపేటలో ఎక్స్‌ప్రెస్ ఎక్కితే దాదాపు 350 కి.మీ., అయిదారు గంటలు. రన్‌వే పొడిగించండి, కాదనను. ఆ పద్దులోంచి కొంత తీసి శ్రీకాళహస్తి నుంచి శ్రీ సిటీ వైపు వరదయ్యపాళెం వచ్చే దారి మీద పెట్టమని మన ప్రతినిధులను అడగండి.