యానిమేషన్ కోసం డిజిటల్ బొమ్మలు: ఫీజు కట్టే ముందు తెలుసుకోవాల్సినవి

ఇంటర్ అయిపోయిన పిల్లాడు రోజంతా ఫోన్‌లో బొమ్మలు గీస్తుంటాడు. యానిమేషన్ కోర్సులో చేరతానంటాడు. అబ్బాకు ఫీజు గుబులు. అమ్మీకి "ఇది పనికొచ్చే చదువేనా, దీన్ ప్రకారం సరైనదేనా" అన్న అనుమానం. ఈ రెండూ న్యాయమైన ప్రశ్నలే.

ఈ రంగం మనకు దూరమైనదేం కాదు. 2008లో టీవీలోకి వచ్చిన ఛోటా భీమ్‌ను తయారు చేసిన గ్రీన్ గోల్డ్ సంస్థ హైదరాబాద్‌దే. అయితే సాఫ్ట్‌వేర్‌లో బటన్లు నేర్చుకోవడం వేరు, బొమ్మ వేయడం వేరు. రెండోది రాకపోతే మొదటిది ఎంత నేర్చినా పని దొరకడం కష్టం.

పుస్తకం బొమ్మ, యానిమేషన్ బొమ్మ

పుస్తకంలో బొమ్మ కదలదు, కనిపించేంత వరకు గీస్తే చాలు. యానిమేషన్‌లో కనిపించని భాగం కూడా గీయాలి. ఉదాహరణకు మేడ మీద నుంచి నెలవంక చూసే సీన్ అనుకుందాం. ఆకాశం ఒక లేయర్, చంద్రుడు ఒకటి, దూరంగా మినార్ ఒకటి, దగ్గర్లోని పిట్టగోడ ఒకటి. కెమెరా పక్కకు జరిగితే పిట్టగోడ వేగంగా కదులుతుంది, మినార్ నెమ్మదిగా కదులుతుంది, చంద్రుడు దాదాపు కదలడు. గోడ వెనక దాగిన మినార్ భాగాన్ని గీయకపోతే అక్కడ ఖాళీ బయటపడుతుంది. అందుకే బ్యాక్‌గ్రౌండ్‌ను తెర కంటే వెడల్పుగా వేస్తారు. అన్నీ కలిపేసి ఒకే లేయర్‌లో ఇస్తే బొమ్మ ఎంత అందంగా ఉన్నా యానిమేటర్‌కు పనికిరాదు.

పాత్ర అయితే ముందు నుంచి, పక్క నుంచి, వెనక నుంచి ఎలా ఉంటుందో ఒకే కొలతలతో గీసిన మోడల్ షీట్ కావాలి. చేతులు, తల, నోరు విడివిడి లేయర్లలో ఉండాలి.

ఇంట్లోనే మొదటి అభ్యాసం

సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు. ఒక్కో బొమ్మను రెండు ఫ్రేములు నిలిపితే సెకనుకు 12 బొమ్మలు చాలు. అంటే 10 సెకన్లకు 120 బొమ్మలు. ఓపిక ఎంత కావాలో ఈ లెక్కే చెబుతుంది.

మొదట ఊగే లాంతరు గీయడం మంచిది. ఈ చివర నుంచి ఆ చివరకు 12 బొమ్మలు. చివర్లలో బొమ్మలు దగ్గర దగ్గరగా, మధ్యలో దూరం దూరంగా ఉండాలి. లాంతరు చివర ఆగబోతూ నెమ్మదిస్తుంది, మధ్యలో జోరుగా వెళ్తుంది కాబట్టి అలా. అన్నీ సమాన దూరంలో వేస్తే మెషీన్‌లా కనిపిస్తుంది. కింద ఒక కుచ్చు తగిలిస్తే అది లాంతరు కంటే కాస్త ఆలస్యంగా కదలాలి. ఇది బాగా వచ్చిందంటే కదలిక అర్థమైనట్టే.

వీటితో పాటు రోజూ కాగితం మీద పెన్సిల్‌తో ఇంట్లోని కుర్చీ, కేటిల్, వీధి మలుపు గీయడం మానకూడదు. పర్‌స్పెక్టివ్, వెలుగునీడలు అక్కడే అలవాటవుతాయి.

సాఫ్ట్‌వేర్, సామాను

క్రిటా, బ్లెండర్, ఓపెన్‌టూంజ్ మూడూ పూర్తిగా ఉచితం. క్రిటాలో బొమ్మ వేయడంతో పాటు చిన్న యానిమేషన్ కూడా చేయొచ్చు. ఫ్రీ అంటే నాసిరకం అనుకోనక్కర్లేదు. 2025లో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ గెలిచిన లాత్వియా సినిమా 'ఫ్లో' బ్లెండర్‌లోనే తయారైంది.

స్టూడియోల్లో టూన్ బూమ్ హార్మనీ, అడోబీ సాఫ్ట్‌వేర్లు కూడా వాడతారు. ఒకటి బాగా వచ్చినవాళ్లకు రెండోది పట్టుబడడానికి ఎక్కువ కాలం పట్టదు. కంప్యూటర్‌కు తగిలించే, స్క్రీన్ లేని పెన్ టాబ్లెట్ కొన్ని వేల రూపాయల్లో వస్తుంది. మొదట్లోనే ఖరీదైన ఐప్యాడ్ అవసరం లేదు. కంప్యూటర్ లేని ఇంట్లో ఫోన్‌లో ఫ్లిపాక్లిప్‌తో మొదలుపెట్టొచ్చు.

ప్రాణుల బొమ్మల సంగతి

ప్రాణుల బొమ్మలు చేత్తో గీయడం కూడదని చాలామంది ఉలమా చెబుతారు. నీడ పడే విగ్రహాల వంటి రూపాలకే ఆ నిషేధమని, పిల్లల చదువు విషయంలో సడలింపు ఉందని చెప్పేవారూ ఉన్నారు. చెట్లు, ప్రాణం లేని వస్తువులు గీయమని ఒక చిత్రకారుడికి హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) ఇచ్చిన సలహా సహీ బుఖారీలో ఉంది. కుటుంబం తాము నమ్మే ఆలిమ్‌ను అడిగి ముందే తేల్చుకోవడం మేలు. కోర్సు మధ్యలో ఈ ప్రశ్న వస్తే డబ్బు, మనశ్శాంతి రెండూ పోతాయి.

పాత్రలు గీయకూడదనుకున్నవారికి దారి మూసుకుపోదు. బ్యాక్‌గ్రౌండ్లు, వస్తువుల డిజైన్, భవనాలు, అక్షరాల డిజైన్, మోషన్ గ్రాఫిక్స్ వంటివి ఈ రంగంలో విడి పనులే.

ఫీజు లెక్క

హైదరాబాద్ మాసబ్ ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో నాలుగేళ్ల బీఎఫ్ఏ యానిమేషన్ ఉంది. ప్రవేశ పరీక్షలో బొమ్మలు గీయించి చూస్తారు. అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో యానిమేషన్ ఫిల్మ్ డిజైన్ చదువు ఉంది.

ప్రైవేటు సంస్థలో చేరేటప్పుడు నాలుగు అడగాలి. పాత విద్యార్థుల డెమో రీల్స్ చూపిస్తారా? పాఠం చెప్పేవారు స్టూడియోలో పనిచేశారా? మధ్యలో మానేస్తే ఫీజు వెనక్కి ఇస్తామని రాసిస్తారా? "వాయిదాల్లో కట్టొచ్చు" అంటే సంస్థకే కట్టాలా, లోన్ కంపెనీకా? చాలాచోట్ల వాయిదా అంటే విద్యార్థి లేదా తండ్రి పేరు మీద తీసుకునే లోన్. వడ్డీ వద్దనుకునే కుటుంబాలు సంతకం పెట్టే ముందు ఆ కాగితం పూర్తిగా చదవాలి. కోర్సు వదిలేసినా లోన్ మాత్రం వదలదు. ఉద్యోగం ఇప్పిస్తామని అడ్వాన్స్ అడిగితే అక్కడితో ఆగిపోవడమే మంచిది.

పని ఇచ్చేవారు మొదట చూసేది పోర్ట్‌ఫోలియో. అందులో పది మంచి బొమ్మలు, ఒక నిమిషం కదలిక ఉన్నా సరే, అన్నీ సొంతంగా వేసినవై ఉండాలి. కాబట్టి ముందు మూడు నెలలు ఇంట్లోనే, ఉచిత సాఫ్ట్‌వేర్‌తో రోజుకు గంట చేసి చూడాలి. 120 బొమ్మలు వేశాక కూడా ఇష్టం తగ్గకపోతే అప్పుడు ఫీజు గురించి మాట్లాడుకోవచ్చు. తగ్గిపోతే పోయేది మూడు నెలల ఖాళీ సమయమే, ఇంటి మీద అప్పు ఉండదు.