సెరిబ్రల్ పాల్సీ: కాన్పుపై పడిన నింద

మన హిమాయత్‌నగర్‌కు ఆ పేరు ఏడవ నిజాం పెద్ద కుమారుడు హిమాయత్ అలీ ఖాన్ మీదుగా వచ్చింది. ఆయన మరదలు నీలోఫర్. తన పరిచారిక కాన్పులో మరణించగా కలత చెంది, స్త్రీలకూ శిశువులకూ ఒక ఆసుపత్రి ఉండాలని సంకల్పించారు. రెడ్‌హిల్స్‌లోని నీలోఫర్ ఆసుపత్రి 1953లో వెలసింది. "బిడ్డ మెడ నిలపడం లేదు" అంటూ ఇలాంటి ఆసుపత్రులకు వచ్చే తల్లి వెంట తరచుగా ఒక నింద కూడా వస్తుంది: కాన్పు సరిగా జరగలేదని. ఆ నిందకు పెద్ద చరిత్రే ఉంది.

1861లో విలియం జాన్ లిటిల్ అనే వైద్యుడు లండన్ ప్రసూతి వైద్యుల సంఘం ముందు ఒక పత్రం చదివారు. కష్ట ప్రసవం, నెలలు నిండని జననం, పుట్టగానే ఊపిరి అందకపోవడం పిల్లల కాళ్లూ చేతులూ బిగుసుకుపోవడానికి కారణాలని అందులో వాదించారు. (ఆయనకే బాల్యం నుంచి పాదం వంకర.) ఈ స్థితి చాలాకాలం 'లిటిల్ వ్యాధి'గానే చెలామణి అయింది. 1897లో మరొకరు అభ్యంతరం చెప్పారు. గర్భంలోనే మెదడు ఎదుగుదల దెబ్బతిన్నందువల్ల కాన్పు కష్టమై ఉండవచ్చు కదా అన్నారు. ఆయన సిగ్మండ్ ఫ్రాయిడ్. అప్పటికి నరాల వైద్యునిగానే పేరు. ఆ మాటను దాదాపు తొంభై ఏళ్లు ఎవరూ పట్టించుకోలేదు. 1986లో నెల్సన్, ఎలెన్‌బర్గ్ వేలాది అమెరికన్ శిశువుల వివరాలు పరిశీలించి, పుట్టుక వేళ ఊపిరాడకపోవడంతో ముడిపెట్టగలిగినవి కొద్ది కేసులేనని తేల్చారు.

అంతమాత్రాన కాన్పు జాగ్రత్తలు అనవసరమని కాదు. మన దేశంలో ఊపిరాడకపోవడమూ, ముదిరిన పసరికలూ నేటికీ మెదడును దెబ్బతీస్తూనే ఉన్నాయి. అయితే కారణం వెతుకుతూ కూర్చుంటే నెలలు గడిచిపోతాయి. "వాళ్ల నాన్నా ఆలస్యంగానే నడిచాడు" అనే నానమ్మ మాట మరికొన్ని నెలలు మింగేస్తుంది.

ఒకప్పుడు ఏడాది, రెండేళ్లు నిండే దాకా ఆగేవాళ్లం. ఆరు నెలలలోపే గుర్తించవచ్చని 2017లో అంతర్జాతీయ నిపుణులు ప్రకటించారు. మీరు చూడవలసినవి ఇవి: నాలుగు నెలలు దాటినా పిడికిలి విప్పకపోవడం, లేపి కూర్చోబెట్టబోతే తల వెనక్కి వాలిపోవడం, ఎత్తుకున్నప్పుడు కాళ్లు కత్తెరలా పెనవేసుకోవడం, తొమ్మిది నెలలకూ ఆధారం లేకుండా కూర్చోలేకపోవడం, ఏడాదిలోపే ఒక చేతినే వాడడం. ఈ చివరిదాన్ని "మా వాడిది ఎడమచేతి వాటం" అని మురిసిపోయేవారే ఎక్కువ. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు మాత్రం వయసును, పుట్టిన రోజు నుంచి కాక, కాన్పు కావలసిన తేదీ నుంచి లెక్కించండి.

వీటిలో ఒక్కటి కనిపించినా పిల్లల వైద్యునికి చూపించండి. తుది నిర్ధారణ దాకా ఆగనక్కరలేదు. అనుమానం ఉండగానే ఫిజియోథెరపీ మొదలుపెట్టవచ్చు.