ఫ్యూజు ఎవరిని కాపాడుతుంది?



ఇంట్లో మీటరు కింద, చెక్క బోర్డుమీద తెల్లని పింగాణీ ఫ్యూజు గ్రిప్పు మీరంతా చూసే వుంటారు. మనింట్లో దీపాలారిపోయి పక్కింట్లో వెలుగుతుంటే ముందుగా మన చూపు పోయేది దానిమీదికే. అది వున్నంతకాలం మనకేం భయం లేదని ఒక ధీమా. ఆ ధీమా ఎంతవరకు నిజమో తెలుసుకోవాలంటే, కరెంటు తీగ ఇళ్ళలోకి వచ్చిన కథ కాస్త ముచ్చటించుకోవాలి.

1882లో న్యూయార్కులోని పెర్ల్ వీధి నుంచి ఎడిసన్ ఇళ్ళకూ దుకాణాలకూ కరెంటు దీపాలిచ్చాడు. ఆ రోజుల్లో అందరి భయమూ నిప్పు గురించే. తీగలో మోతాదుకు మించి కరెంటు పారితే తీగ కాగుతుంది, పైతొడుగు అంటుకుంటుంది, ఇల్లు తగలబడుతుంది. అందుకని దారిలో ఒకచోట తేలికగా కరిగే సన్నని తీగముక్క పెట్టారు. భారం ఎక్కువైతే ముందు అది తెగిపోతుంది, మిగతా తీగ బతికిపోతుంది. ఫ్యూజంటే అంతేనండీ! దాన్ని పెట్టింది తీగ కోసం, ఇంటి కోసం. ఆ తీగను ముట్టుకున్న ఇల్లాలి సంగతి అందులో లేనేలేదు.

ఇక మన వైపు చూద్దాం. 1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్తు మొదలైంది. 1959లో రాష్ట్ర విద్యుచ్ఛక్తి మండలి ఏర్పడింది. 1979లో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నంలో థర్మల్ కేంద్రం పనిచేయసాగింది. కృష్ణాజిల్లా కౌతవరంలో పుట్టి, 1974 నుంచి 1988 దాకా మండలికి అధ్యక్షులుగా వున్న నార్ల తాతారావుగారి పేరే తరువాత ఆ కేంద్రానికి పెట్టారు. ఇలా వెలుగు పెరిగిన కొద్దీ గన్నవరం లాంటి వూళ్ళలో లాంతర్లు అటకెక్కాయి. ముందు గదికొక బల్బు, తరువాత ఫ్యాను, ఇస్త్రీ పెట్టె, ఆపైన మిక్సీ, ఫ్రిజ్, గ్రైండరు, నీళ్ళు కాచే రాడ్డు. సామాను పెరిగింది. గోడమీది తీగ మాత్రం చాలా ఇళ్ళలో పాతదే!

ఆ పాత తీగ ఎలాంటిదంటే, మొదట్లో రబ్బరు తొడుగు తీగను గోడమీద చెక్కపట్టీకి క్లిప్పులతో బిగించేవారు. రబ్బరు ఏళ్ళు గడిచేసరికి ఎండి పెళుసై రాలిపోతుంది. తరువాత ప్లాస్టిక్ తొడుగు వచ్చింది. 1960ల్లో రాగి కొరత వల్ల అల్యూమినియం తీగ వాడకం పెరిగింది. అల్యూమినియం మరచీలకింద మెల్లగా వదులవుతుంది. వదులైనచోట వేడి పుడుతుంది. స్విచ్చి చుట్టూ గోధుమరంగు మరక పడినా, మాడు వాసన వచ్చినా ఆ వేడే కారణం కావచ్చు. అలాంటి స్విచ్చిని ఆ క్షణమే వాడటం మానెయ్యాలి.

ఇప్పుడు అసలు లెక్కకు వద్దాం. దీపాల ఫ్యూజు మామూలుగా 5 ఆంపియర్లది, అంటే 5,000 మిల్లీ ఆంపియర్లు. మరి మనిషిని పట్టుకోవడానికి ఎంత కరెంటు కావాలి? అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు ఆచార్యుడు ఛార్లెస్ డాల్జీల్ దీన్ని కొలిచాడు. పరీక్షకు ఒప్పుకుని వచ్చినవారి చేతికి తీగ ఇచ్చి, ఎంత కరెంటు దాకా దాన్ని వదలగలరో చూశాడు. మగవారికి సగటున 16 మిల్లీ ఆంపియర్లు. ఆడవారికి పదిన్నర మాత్రమే! అది దాటితే చేతి కండరాలు బిగుసుకుపోతాయి. వదలాలని వున్నా చెయ్యి వదలదు. తడి చేతులతో, తడి నేలమీద నిలబడి 230 వోల్టుల తీగను తాకితే ఒంట్లోంచి రెండు వందల మిల్లీ ఆంపియర్లు పారినా పారవచ్చు. ప్రాణం పోవడానికి అంత అక్కరలేదు. ఫ్యూజుకు మాత్రం అది చీమ కుట్టినట్టు కూడా వుండదు.

మరి మనిషికి రక్షణ ఏమిటి? మొదట వచ్చింది ఎర్తు. మూడు కాళ్ళ ప్లగ్గులో లావుగా, పొడవుగా వుండే కాలు అదే. ప్లగ్గు పెట్టేటప్పుడు ముందుగా తగిలేదీ, తీసేటప్పుడు చివరగా విడేదీ అదే కావాలని అలా చేశారు. గ్రైండరు లోపల తీగ తెగి ఇనుప ఒంటికి తగిలితే, ఆ కరెంటు ఎర్తు దారిన భూమిలోకి దిగి ఫ్యూజును తెంపుతుంది. పెరట్లో గొయ్యి తీసి, పైపు పాతి, బొగ్గూ ఉప్పూ వేసి, ఎండాకాలం అందులో నీళ్ళు పోయడం మీకు తెలిసిందే. మట్టి ఎండిపోతే ఎర్తు పనిచెయ్యదు, అందుకే ఆ నీళ్ళు. కాని ఎన్ని ఇళ్ళలో ప్లగ్గుకు మూడో రంధ్రం వుండి, దాని వెనక తీగే లేదో! అద్దె ఇంట్లో దిగేటప్పుడు నీళ్ళు వస్తాయా అని అడుగుతాం. ఎర్తు వుందా అని కూడా అడగండి.

ఆ తరువాత 1950ల్లో, 60ల్లో మరో కాపలాదారు వచ్చింది. ఇప్పుడు మనం ఆర్‌సీసీబీ అంటున్నది అదే. వెళ్ళిన కరెంటూ తిరిగి వచ్చిన కరెంటూ సమానంగా వున్నాయా అని అది ఎప్పుడూ లెక్క చూస్తూ వుంటుంది. 30 మిల్లీ ఆంపియర్లు తేడా వచ్చిందంటే, ఎక్కడో మనిషిలోంచి భూమిలోకి పోతున్నదని తలచి, కన్నుమూసి తెరిచేలోగా కట్టేస్తుంది. మన చెయ్యి వదలలేకపోయినా అది వదిలిస్తుంది. మనిషి కోసం పుట్టిన పరికరం ఇది. ఎంసీబీ వేరు సుమా! అది ఫ్యూజుకు చెల్లెలు, తీగనే కాపాడుతుంది.

అయితే ఇల్లాలు స్వయంగా ఎంతవరకు చెయ్యవచ్చు? 1956 నాటి భారత విద్యుత్ నియమాలే ఒక గీత గీశాయి. బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్చి లాంటివి ఉన్నదాని స్థానంలో అలాంటిదే మార్చడానికి ఆటంకం లేదు. కొత్త తీగ లాగడం, ఉన్న తీగలను మార్చడం మాత్రం లైసెన్సు వున్నవారి పని. ఈ గీత మంచిదే. లోపలే వుండి పని చేసుకుందాం.

ముందు మెయిన్ కట్టండి. స్విచ్చి తీసేస్తే చాలదా అంటారేమో! పాత ఇళ్ళలో స్విచ్చిని ఫేజుకు బదులు న్యూట్రల్‌లో పెట్టినవి వుంటాయి. దీపం ఆరినా హోల్డరులో కరెంటు వుంటుంది. టెస్టరును ముందు కరెంటు వున్న ప్లగ్గులో పెట్టి వెలుగుతోందో లేదో చూడండి. మెయిన్ కట్టాక పని చెయ్యబోయే చోట చూడండి. తరువాత కరెంటు వున్న మరోచోట మళ్ళీ చూడండి. ఇల్లంతా కట్టేసి వుంటే పక్కింట్లోనైనా సరే. మూడోసారి ఎందుకంటే, మధ్యలో టెస్టరే పాడైపోతే వెలగదు, మనం కరెంటు లేదని మోసపోతాం. తెగిన ఫ్యూజుకు తగిన ఫ్యూజు తీగే వెయ్యండి, తలపిన్ను కాదు. బకెట్టులో రాడ్డు వుండగా నీళ్ళు వేడెక్కాయా అని వేలు పెట్టకండి. ముందు ప్లగ్గు తీసెయ్యండి. ఎవరినైనా కరెంటు పట్టుకుంటే వారిని తాకకుండా మెయిన్ కట్టండి. అది అందకపోతే ఎండు కర్రతో తీగను తప్పించండి.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ఇళ్ళు నీట మునగడం మనమంతా చూశాం. నీళ్ళు తీసినంత మాత్రాన గోడలోపలి తీగ ఆరదు. అలాంటప్పుడు వైర్‌మన్ మెగ్గర్ పెట్టి చూడాలి. అది 500 వోల్టులతో తొడుగును పరీక్షిస్తుంది. ఒక మెగోమ్‌కు తగ్గితే ఆ తీగకు కరెంటు ఇవ్వకూడదు. ఆ అంకె ఎంతో అతన్ని అడిగి తెలుసుకోండి. అడగడం మన హక్కు.

ఇంట్లో ఆర్‌సీసీబీ వుంటే దానిమీద టి అనే అక్షరం వున్న చిన్న మీట వుంటుంది. నెలకొకసారి, పాలవాడి లెక్క చూసిన రోజునే, దాన్ని నొక్కండి. టప్పున పడిపోతే కాపలాదారు మేలుకునే వున్నట్టు. పడకపోతే ఆ రోజే వైర్‌మన్‌ను పిలవండి. అసలు అలాంటిది ఇంట్లో లేకపోతే, పండక్కి కొనవలసిన వస్తువుల జాబితాలో దాన్ని మొదట రాసుకోండి.