చెక్‌సమ్

కంప్యూటరు వాడుకలోని ‘చెక్‌సమ్’ అను సమాసమున రెండు పురాతన పదములు దాగియున్నవి. పారశీకమున రాజునకు పేరైన ‘షా’ శబ్దము, చదరంగముతో పాటు అరబ్బుల మీదుగా ఐరోపాకు పయనించి, ఫ్రెంచివారి నోట రూపుమారి, రాజునకు కలిగిన ముప్పును తెలుపు హెచ్చరికయై, పిదప అడ్డగించుట యనియు, తుదకు సరిచూచుట యనియు అర్థములను పొంది, ఇంగ్లీషున ‘చెక్’ అయినది. ‘సమ్’ లాటిను ‘సుమ్మా’ నుండి పుట్టినది. అత్యున్నతమైనదని దాని భావము. రోమనులు అంకెలను క్రిందినుండి మీదికి కూడి మొత్తమును శిరోభాగమున వ్రాయుటయే ఇందులకు కారణమందురు.

ఫైలులోని బైట్లను కూడి, ఆ మొత్తముతో ఫైలు చెడలేదని సరిచూచుటయే చెక్‌సమ్. అయితే కేవలమైన కూడికకు క్రమముతో పనిలేదు గనుక, రెండు బైట్లు తారుమారైనను మొత్తము మారదు. నేటి ‘ఎస్‌హెచ్‌ఏ256సమ్’ అను ఆదేశము పేరున ‘సమ్’ నిలిచినను, చేయు పని వేఱు: ఫైలు ఎంత పెద్దదైనను 64 బైట్ల తునుకలుగా గ్రహించి, మథించి, 256 బిట్ల ఫలమును 64 గుర్తుల వరుసగా ప్రకటించును, ఒక్క బిట్టు మారినను ఆ వరుస ఆనవాలు పట్టరానంతగా మారును. ప్రకటిత విలువల జాబితాను ‘-సి’ గుర్తుతో అందించినచో, ప్రతి ఫైలును తిరిగి గణించి, సరిపోయినదానిని ‘ఓకే’ యనును. అయితే ఆ జాబితాయు ఫైలు వచ్చిన తావునుండియే వచ్చినచో, దారిలో కలిగిన చెడుగు పట్టువడును గాని, రెంటిని మార్చిన మోసగాడు పట్టువడడు.