కొత్త బొమ్మలు, పాత కొలతలు

ఎన్‌సెంబుల్ స్టూడియోస్ తయారుచేయగా మైక్రోసాఫ్ట్ 1999లో విడుదల చేసిన ‘ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2’లో తెరమీద కదిలే సైనికులంతా నిజానికి బల్లపరుపు బొమ్మలు. ముందు కంప్యూటర్‌లో త్రీడీ నమూనా చేసుకుని, ఒకే ఎత్తు నుంచి చూస్తున్నట్టుగా, నడకలోని ఒక్కో భంగిమను ఒక్కో బొమ్మగా తీసి దాచారు. వీటినే స్ప్రైట్లంటారు. ఉన్న రంగులు 256. సైనికుడు తిరిగేది ఎనిమిది దిక్కులకు. అందులోనూ ఐదింటికే బొమ్మలున్నాయి, మిగతా మూడూ అద్దంలో చూసినట్టు తిప్పి వాడినవే. అందుకే వాడు ఇటు నుంచి అటు తిరిగితే కత్తి కూడా చేయి మారిపోతుంది!

2013 నాటి హెచ్‌డీ ఎడిషన్‌తో పెద్ద తెరల మీద ఆడుకునే వీలు దొరికింది గానీ సైనికుల రూపం మారలేదు. అసలు మార్పు అభిమానుల వల్ల వచ్చింది. ‘ఫర్‌గాటెన్ ఎంపైర్స్’ పేరుతో ఆటకు తామే అదనపు భాగం కట్టుకున్న బృందం పని అదే ఏడాది ‘ద ఫర్‌గాటెన్’గా అధికారికంగా వెలువడింది. భారతీయులు ఒక నాగరికతగా ఈ ఆటలో అడుగుపెట్టింది అందులోనే. ఆ బృందమే స్టూడియోగా ఎదిగి, 2019 నవంబరు 14న వచ్చిన డెఫినిటివ్ ఎడిషన్‌ను ముందుండి నడిపించింది. అభిమానం వాళ్లను ఇంత దూరం తీసుకువెళ్లడం నాకు చాలా సంతోషం కలిగించే సంగతి.

ఈసారి బొమ్మలన్నీ 4కె తెరకు తగ్గట్టు కొత్తగా చేశారు. పాత ఆటలో కోట పడితే రెప్పపాటులో రాళ్లగుట్ట అయిపోయేది. ఇప్పుడు గోడలు విరిగి, దుమ్ము లేస్తూ, ముక్కలు ముక్కలుగా కూలుతుంది. ఇంత చేసీ స్ప్రైట్లను మాత్రం వదల్లేదు.

బొమ్మలు మార్చినా, కదలికల జోలికి వెళ్లడం అంత తేలిక కాదు. విలుకాడికి ఆజ్ఞ అందాక బాణం ఎంతసేపటికి విడుస్తాడన్నది యానిమేషన్‌లో ఫలానా భంగిమతో ముడిపడి ఉంటుంది. ఆటగాళ్లు దీన్ని ఫ్రేమ్ డిలే అంటారు. బాణం వేయించి, వెంటనే వెనక్కి పరుగెత్తించి, మళ్లీ తిప్పి వేయించే నేర్పంతా ఆ లిప్తపాటు మీదే నడుస్తుంది. అందం కోసం ఆ భంగిమను కాస్త ఆలస్యం చేస్తే చాలు, విలుకాడు బలహీనపడతాడు, ఏళ్ల తరబడి కుదిరిన సాధన పాడవుతుంది.

చెట్లు కూడా నిండుగా, అందంగా తయారయ్యాయి. అయితే వాటి చాటున సైనికులు కనబడరని చాలామంది మోడ్ (ఆట రూపాన్ని మార్చే అదనపు ఫైలు) వేసుకుని పొట్టి చెట్లతోనే ఆడుతున్నారు. వాళ్లు చేస్తున్నది సబబే.