మోటారు కారులోని పాత రేడియో: కాలనిర్ణయం, పునరుద్ధరణ

ఢిల్లీలోని సరోజినీ నగర్ ప్రభుత్వోద్యోగుల నివాస ప్రాంతం. తొలుత వినయ్ నగర్‌గా ప్రసిద్ధి చెంది, అనంతరం హైదరాబాదు ఆడపడుచు సరోజినీ నాయుడు పేరు దాల్చింది. ఇక్కడి పాత క్వార్టర్ల స్థానంలో కొత్త భవన సముదాయాల నిర్మాణానికి 2016లో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. ఇళ్లతోపాటు వాటి ముంగిళ్లలోని అంబాసిడర్, ఫియట్ కార్లూ తరలిపోతున్న కాలమిది. 2021లో సవరించిన కేంద్ర మోటారు వాహన నిబంధనలు 50 ఏళ్లు దాటి మూలరూపంలో నిలిచిన వాహనాలకు వింటేజ్ హోదా కల్పించాయి. ఐతే ఆ నిర్వచనం ఛాసిస్, బాడీ, ఇంజనులలోని మార్పులనే పేర్కొంటుంది. డాష్‌బోర్డులోని రేడియో ఊసెత్తదు. కనుక దాని రక్షణ యజమాని వివేకానికే విడువబడింది.

రేడియో అదనపు సామగ్రి. కారు కొన్న చాలా ఏళ్లకు బిగించినదీ కావచ్చు. అందుచేత కారు వయసే రేడియో వయసని భావించరాదు. డయలుపై కిలోసైకిళ్లని ఉంటే అది హెర్ట్జ్ అనే ప్రమాణం వాడుకలో స్థిరపడక పూర్వపు పద్ధతి. ఆ ప్రమాణాన్ని అంతర్జాతీయ తూనికలు కొలతల మహాసభ 1960లో స్వీకరించింది. అయితే ముద్రిత ఫలకాలు మారడానికి కొంతకాలం పట్టింది గనుక ఈ ఒక్క ఆధారమే చాలదు. 1980ల మధ్య వరకు శ్రోతలు తపాలా కార్యాలయంలో పొందవలసి వచ్చిన లైసెన్సు పుస్తకం లభిస్తే అది అమూల్యమైన సాక్ష్యం.

అసలు సాక్ష్యం పెట్టెలోపల ఉంటుంది. వాల్వులకు రమారమి 200 వోల్టులు కావాలి. కారు బ్యాటరీ ఇచ్చేది 6 లేదా 12. ఈ అంతరాన్ని పూరించినది వైబ్రేటరు. అది విద్యుత్తును క్షణక్షణం తెంచి, కలిపి ట్రాన్స్‌ఫార్మరుకు అందించేది. ఆ కార్లలో వినవచ్చిన సన్నని రొద దానిదే. 1955లో అమెరికాలో ఫిల్కో సంస్థ క్రైస్లర్ కార్లకు పూర్తి ట్రాన్సిస్టరు రేడియో తయారుచేసింది. వాల్వులుండి, వైబ్రేటరు లేక, ధ్వనికి ఒక పెద్ద ట్రాన్సిస్టరు ఉన్న సెట్టు ఈ సంధికాలానిది. ఇటువంటివే చరిత్రకారునికి ఎక్కువ ఆసక్తికరం.

పునరుద్ధరణలో తొందర పనికిరాదు. అంబాసిడర్‌కు మాతృక అయిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణిలో బ్యాటరీ ధన ధ్రువం కారు శరీరానికి కలిసి ఉండేది. నేటి పద్ధతి దానికి విరుద్ధం. ఇది గమనించక కలిపితే ట్రాన్సిస్టరు తక్షణం నశిస్తుంది. కాగితపు కెపాసిటర్లు, ముఖ్యంగా వైబ్రేటరుకు అనుబంధంగా ఉండే బఫర్ కెపాసిటరు, పరీక్షించి మార్చిన పిదపనే విద్యుత్తు ఇవ్వాలి.

పాత పెట్టెలో సరికొత్త యంత్రభాగాన్ని అమర్చి డయలు మాత్రం వెలిగించడం నేటి ఆచారం. చూపుకు అందమే కాని, అది పునరుద్ధరణ అనిపించుకోదు. శాసన పరిష్కర్తలు లుప్తాక్షరాలను పూరించినచోట గుర్తు వేస్తారు. ఇక్కడా మార్చిన ప్రతి భాగంపై తేదీ రాసి, తీసిన భాగాలను ఒక సంచిలో కట్టి, కారు రిజిస్ట్రేషన్ పుస్తకంతోపాటు భద్రపరచాలి.