తుంబురు తీర్థం

'''తుంబురు తీర్థం''' తిరుమల కొండలలోని ఒక సహజసిద్ధమైన జలాశయం. నిలువునా చీలినట్లు కనిపించే రెండు ఎత్తైన రాతిగోడల నడుమ, ఇరుకైన కోనలో ఈ మడుగు ఉన్నది. దీనికి '''ఘోణ తీర్థం''' అనే పేరు కూడా కలదు. శేషాచలం కొండలలో ప్రధానమైనవిగా చెప్పే ఏడు తీర్థాలలో ఇది ఒకటి. తక్కిన ఆరు స్వామిపుష్కరిణి, ఆకాశగంగ, పాపవినాశనం, కుమారధార, రామకృష్ణ తీర్థం, పాండవ తీర్థం. సంవత్సరానికి ఒకమారు జరిగే '''తుంబురు తీర్థ ముక్కోటి''' నాడు భక్తులు అడవిదారిన నడిచి వచ్చి ఇక్కడ స్నానం చేస్తారు. పదునెనిమిదవ శతాబ్దపు కవయిత్రి తరిగొండ వెంగమాంబ ఈ కోనలో తపస్సు చేసిందని ప్రసిద్ధి.

== ఉనికి ==

తీర్థం ఉన్న అటవీప్రాంతం శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనం పరిధిలోనిది. ఒకప్పుడు చిత్తూరు జిల్లాలో ఉన్న తిరుమల, 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగినప్పటి నుండి తిరుపతి జిల్లాలో ఉన్నది. శేషాచలం కొండలను 2010లో జీవావరణ రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. ఆంధ్ర ప్రదేశ్‌లో ఇటువంటి గుర్తింపు పొందిన మొదటి ప్రాంతం ఇదే.

== కోన ఏర్పడిన విధం ==

రెండు కొండల నడుమ ఉండే లోయను తెలుగులో ''కోన'' అంటారు. తలకోన, పెంచలకోన వంటి ఊరిపేర్లలో ఉన్నది ఈ మాటే. తుంబురు కోనకు ఇరువైపులా ఉన్న గోడలు క్వార్ట్‌జైట్ అనే గట్టిరాతితో ఏర్పడినవి. అతి ప్రాచీన కాలంలో పొరలు పొరలుగా పేరుకొన్న ఇసుక, తరువాతి కాలంలో ఒత్తిడికి గట్టిపడి ఈ రాయిగా మారింది. తిరుమల శిలాతోరణం కూడా ఈ జాతి రాతిలో ఏర్పడినదే.

క్వార్ట్‌జైట్ సులభంగా అరిగే రాయి కాదు. కాని దానిలో నిలువు పగుళ్ళు ఉంటాయి. వాననీరు ఆ పగుళ్ళలో దిగి, ఏటేటా కొద్దికొద్దిగా వాటిని వెడల్పు చేస్తుంది. రాయి గట్టిది కావటం వలన గోడలు ఏటవాలుగా కూలక నిలువుగానే నిలుస్తాయి. అందుచేత కోన వెడల్పు తక్కువగాను, లోతు ఎక్కువగాను ఉంటుంది. కొండను కత్తితో కోసినట్లున్నదని యాత్రికులు చెప్పటానికి కారణం ఇదే.

నీరు దూకేచోట రాళ్ళు సుడిలో తిరుగుతూ అడుగును తొలచటం వలన మడుగులు ఏర్పడతాయి. ఎండ నేరుగా పడేది కొద్దిసేపే కనుక, వేసవి మొదలైన తరువాత కూడా ఈ మడుగులోని నీరు చల్లగా ఉంటుంది.

== పురాణ గాథ ==

తుంబురుడు దేవలోకపు గాయకుడు. స్థలపురాణం ప్రకారం అతడు మాఘమాసంలో తెల్లవారుజామున స్నానం చేసి వ్రతం ఆచరించమని తన భార్యను కోరగా, ఆమె చలికి ఓర్వలేనని నిరాకరించింది. అందుకు కోపించి, వేంకటాద్రి మీద ఘోణ తీర్థం ఒడ్డున ఉన్న రావిచెట్టు తొర్రలో కప్పవై పడి ఉండమని అతడు శపించాడు. చాలా కాలం తరువాత అగస్త్య మహర్షి శిష్యులతో అక్కడికి వచ్చి తీర్థమహిమను వివరించగా, ఆ మాటలు విని ఆమె పూర్వరూపం పొందింది. అప్పటి నుండి దీనికి తుంబురు తీర్థం అని పేరు వచ్చినదని అంటారు. చన్నీటికి భయపడిన స్త్రీ చన్నీటి మడుగు పక్కనే కాలం గడపవలసి రావటం ఈ కథలోని విశేషం.

== తరిగొండ వెంగమాంబ ==

తరిగొండ వెంగమాంబ (1730-1817) నేటి గుర్రంకొండ మండలంలోని తరిగొండ గ్రామంలో జన్మించింది. చిన్నతనంలోనే భర్తను కోల్పోయినా, నాటి ఆచారం ప్రకారం విధవ వేషం ధరించటానికి అంగీకరించలేదు. అందువలన స్వగ్రామంలో నిందలు ఎదుర్కొని తిరుమలకు చేరింది. అక్కడ కూడా కొందరి నుండి ఇబ్బందులు కలుగగా, జనసంచారం లేని తుంబురు కోనకు వెళ్ళి కొన్ని సంవత్సరాలు యోగసాధనలో గడిపిందని ఆమె జీవితచరిత్రలు తెలుపుతున్నవి. ఆమె నివసించినదని చెప్పే గుహ కోనలో ఉన్నది.

వెంగమాంబ తరువాత తిరుమలకు తిరిగి వచ్చి అక్కడే సిద్ధి పొందింది. వేంకటాచల మాహాత్మ్యము, రాజయోగామృత సారము, ద్విపద భాగవతము ఆమె ముఖ్య రచనలలో కొన్ని. శ్రీవారి ఏకాంత సేవలో ఆమె పేరిట ముత్యాల హారతి నేటికీ ఇస్తున్నారు. 2011లో ప్రారంభమైన తిరుమల అన్నప్రసాద భవనానికి ఆమె పేరు పెట్టారు.

నేడు భక్తులు పుణ్యం కోరి నడిచే ఈ కోన, రెండు వందల యాభై ఏళ్ళ క్రిందట సమాజం నిలువనీడ ఇవ్వని ఒక స్త్రీకి ఆశ్రయం ఇచ్చినది. తెలుగు సాహిత్యం చదివే విద్యార్థులు ఈ స్థలాన్ని గుర్తుంచుకోవటానికి ఇది ఒక్కటే చాలును.

== ముక్కోటి ==

సూర్యుడు మీనరాశిలో ఉండగా ఉత్తరఫల్గుణి నక్షత్రంతో కూడి వచ్చే పౌర్ణమికి ముక్కోటి జరుపుతారు. ఇది చాలా సంవత్సరాలలో ఫాల్గుణ పౌర్ణమికే వస్తుంది. సౌరమానానికి, చాంద్రమానానికి ఉన్న తేడా వలన ఒక్కొక్క ఏడు తరువాతి పౌర్ణమికి మారుతుంది. 2024లో మార్చి నెలలోను, 2025లో ఏప్రిల్ నెలలోను జరగటానికి కారణం ఇదే. కనుక యాత్రికులు కేవలం ఫాల్గుణ పౌర్ణమి తేదీని నమ్ముకొనక, తిరుమల తిరుపతి దేవస్థానం ఆ ఏడాది ఇచ్చే ప్రకటనను చూచుకోవలెను.

ఇటువంటి ముక్కోటులు ఇతర తీర్థాలకు కూడా ఉన్నవి. రామకృష్ణ తీర్థానికి పుష్య పౌర్ణమి, కుమారధారకు మాఘ పౌర్ణమి ముఖ్యమైన రోజులు.

== నడకదారి ==

తిరుమల నుండి పాపవినాశనం వరకు బస్సు సౌకర్యం ఉన్నది. అక్కడి నుండి నడవవలసినదే. ఉదయం బయలుదేరినవారు తీర్థస్నానం చేసి సాయంత్రానికి తిరిగి రాగలరు. దారి మొదట చెట్ల నడుమ సాగి, తరువాత రాళ్ళ మీదుగా వాగులోనికి దిగుతుంది. కోన దగ్గర పడేకొద్దీ గుండ్రాళ్ళు పెద్దవవుతాయి. చివరి భాగంలో నీటిలో నడవక తప్పదు.

మడుగు కొన్ని చోట్ల నడుములోతు, కొన్ని చోట్ల మనిషి మునిగే లోతు ఉంటుంది. గుండెజబ్బులు, ఉబ్బసం, స్థూలకాయం ఉన్నవారు ఈ నడకకు రావద్దని దేవస్థానం ముక్కోటి సమయంలో సూచిస్తుంది. దారిలో ఆహారం, తాగునీరు, వైద్యం ఏర్పాటు చేస్తారు. మిగిలిన రోజులలో అటవీశాఖ అనుమతి లేనిదే ఈ ప్రాంతంలో ప్రవేశించరాదు.

== వృక్షాలు, జంతువులు ==

ఈ అడవులలో ఎర్రచందనం ముఖ్యమైన వృక్షం. ప్రపంచంలో ఇది సహజంగా పెరిగేది తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే. దేవాంగపిల్లి, బెట్లుడుత, చిరుత, ఏనుగు ఇక్కడి జంతువులలో కొన్ని. నీటికి దగ్గరగా, నీడపట్టున ఉండే రాతి పగుళ్ళలో బంగారు బల్లి నివసిస్తుంది. దీనిని 1870లో బెడ్డోమ్ అనే శాస్త్రజ్ఞుడు మొదట వర్ణించాడు. పగుళ్ళు, నీడ, తేమ మూడూ ఒకేచోట ఉండే కోనలు ఇటువంటి ప్రాణులకు అనువైన తావులు.

== జాగ్రత్తలు ==

* నీటి అడుగు కంటికి ఉన్నదానికంటె పైకి కనిపిస్తుంది. కాంతి వక్రీభవనం వలన నాలుగు అడుగుల లోతు పైనుండి చూచేవారికి సుమారు మూడు అడుగులుగా తోస్తుంది. తేటనీటిని చూచి లోతు అంచనా వేయరాదు.
* బండల మీది నుండి మడుగులోనికి దూకరాదు. నీటి అడుగున ఉన్న రాళ్ళు పైకి కనిపించవు. ఏటి వరదకు వాటి స్థానం మారుతుంది కనుక, నిరుడు లోతుగా ఉన్నచోట ఈ ఏడు బండ ఉండవచ్చును.
* నాచు పట్టిన రాయి జారుతుంది.
* కోనలో ఉన్నవారికి కొండపైన కురిసే వాన కనిపించదు. నీరు మట్టిరంగుకు తిరిగినా, ఆకులు, పుల్లలు కొట్టుకొని వచ్చినా, చప్పుడు హెచ్చినా వెంటనే ఎత్తైన చోటికి చేరవలెను. 2021 నవంబరులో కురిసిన భారీవర్షాలకు తిరుమల ఘాట్ రోడ్లు, శ్రీవారి మెట్టు దారి దెబ్బతిన్నవి. కొండవాగుల ఉధృతికి ఇది నిదర్శనం.
* ఈత వచ్చినవారు సైతం ఒంటరిగా దిగరాదు. ఇరుకైన కోన నుండి గాయపడినవారిని మోసుకొని రావటానికి గంటలు పడుతుంది.

== పరిరక్షణ ==

ముక్కోటి సమయంలో ఈ కోనకు జనం పెద్ద సంఖ్యలో వస్తారు. సబ్బు, షాంపూ, నూనె వంటివి చిన్న మడుగులో త్వరగా కొట్టుకొనిపోవు. ముక్కోటి వచ్చేది వేసవి మొదట్లో కనుక, వాగు పారుదల అప్పటికే తగ్గి ఉంటుంది. విడిచిన బట్టలు, ప్లాస్టిక్ సంచులు తరువాతి వానలకు రాళ్ళ సందులలో చిక్కుకొని సంవత్సరాలపాటు నిలిచిపోతాయి. ఎండుటాకుల కాలం కావటం వలన నిప్పు రాజేయటం అడవికే ప్రమాదం.

తీర్థం అనే మాటకు సంస్కృతంలో దాటించేది, రేవు అని అర్థం. రేవును తరువాత వచ్చేవారికి శుభ్రంగా విడిచిపోవటం తెలుగు పల్లెలలో పాతకాలం నుండి ఉన్న మర్యాదే. తుంబురు తీర్థానికి వెళ్ళేవారు తీసుకొని పోయిన వస్తువులన్నిటినీ తిరిగి తెచ్చుకొన్నచో ఆ మర్యాద నిలిచినట్లగును.